పేస్‌మేకర్ ఉన్నా దడ ఎందుకు?

గోదావరిఖని క్వార్టర్లలో, బొగ్గుబాయి నుంచి రిటైరైన మామయ్యకో బాపుకో పేస్‌మేకర్ పెట్టించుకొచ్చాక ఇంటి ఆడవాళ్ళు అనే మాట ఒకటుంది: "మిషను పెట్టిండ్రు గదా వదినా, ఇంక గుండెకు భయం లేదు." ఇది సగమే నిజం.

ఆ మిషను పుట్టిందే నెమ్మదించే గుండె కోసం. 1958లో స్వీడన్‌లో, మాటిమాటికీ స్పృహ తప్పే ఆర్నె లార్సన్‌కు మొదటిసారి దాన్ని ఒంట్లో అమర్చారు. (ఆయన భార్య డాక్టర్ల వెంటపడి చేయించింది లెండి!) 2001 దాకా బతికాడాయన.

కానీ పరుగెత్తే గుండెను మామూలు పేస్‌మేకర్ పట్టి ఆపలేదు. గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకుంటే అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. కొందరికి దడే తెలియదు. మిషనుకు మాత్రం తెలుస్తుంది, లోపల లెక్క రాసిపెట్టుకుంటుంది. చెకప్‌లో డాక్టరుగారు ఛాతీపై చిన్న పరికరం ఆనించి ఆ లెక్క చదువుతారు. కోత లేదు, నొప్పి లేదు. అరుదుగా మిషనే గుండెను తొందరపెడుతుంది, సెట్టింగు మారిస్తే సరి.

రక్తం పలచబరిచే మందు రాస్తే "బాగనే ఉన్నడు గదా" అని మీరే మాన్పించకండి. కూర్చుని ఉన్నప్పుడు నాడి నిమిషంపాటు లెక్కపెట్టి, క్యాలెండర్ మీద రాయండి. దడతోపాటు కళ్ళు తిరగడం, ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

అన్నట్టు, పేస్‌మేకర్ కార్డు బీరువాలో పట్టుచీరల కింద కాదు, ఆయన జేబులో ఉండాలి.