సగటు రాబడి, సంచిలోని సొమ్ము

లాస్ వేగాస్ జూదశాలల్లోని వీడియో పోకర్ యంత్రం ఒక విషయంలో నిజాయితీ గలది. ఏ ముక్కలు కూడితే ఎంత చెల్లిస్తుందో ముందే ప్రకటిస్తుంది. పేకలో 52 ముక్కలే కనుక రాబడిని లెక్కకట్టవచ్చు.

‘జాక్స్ ఆర్ బెటర్’ ఆటలో ఫుల్‌హౌస్‌కు 9 రెట్లు, ఫ్లష్‌కు 6 రెట్లు ఇచ్చే యంత్రం మీద, ప్రతిసారి అయిదు నాణేలు వేసి, పొరపాటు లేకుండా ఆడితే, 100 డాలర్ల పందేలకు సగటున 99.54 డాలర్లు తిరిగివస్తాయి. ఆ అంకెలు 8, 5 అయితే రాబడి 97.30కి దిగజారుతుంది.

రెండో అంకె ముక్కలు నాలుగూ జోకర్లుగా చెల్లే ‘డ్యూసెస్ వైల్డ్’లో, ఇప్పుడు అరుదైపోయిన ఒక రకం, 100.76 డాలర్లు ఇస్తుంది. అంటే మొగ్గు ఆటగాడి వైపే! అయితే దానినే ఎంచుకోవాలా?

తొందరపడరాదు. మొదటి ఆట రాబడిలో రాయల్ ఫ్లష్ వాటా సుమారు 2 డాలర్లు. అది దాదాపు 40,000 ఆటలకొకసారి పడుతుంది. రెండవదానిలో సుమారు 6 డాలర్లు రెండే అరుదైన కలయికల నుంచి రావాలి: జోకరు లేని రాయల్ ఫ్లష్, నాలుగు రెండ్లు. మొదటిది 45,000 ఆటలకు, రెండవది 5,000 ఆటలకు ఒక్కమారు. అంతవరకు సంచి తరుగుతూనే ఉంటుంది.

సగటు అన్నది వేలాది ఆటల సత్యం. కొద్ది సొమ్ముతో కూర్చున్నవాడు ఆ సత్యం వెల్లడయ్యేలోగానే లేచిపోవలసి రావచ్చు. అందువల్ల వివేకి రాబడిని యంత్రం మీద చదువుతాడు. నష్టానికి ఓర్చే శక్తిని తన సంచిలో చూసుకుంటాడు. రెండూ కుదరనిచోట ఆడకపోవడమే అన్నిటికన్న లాభసాటి ఎంపిక.