అసైన్డ్ పట్టాకు ఎవరి కాపలా?

ఆస్తి హక్కు అనగానే మన మేధావులకు జమీందారే గుర్తొస్తాడు. 1959లో రాజాజీ, ఎన్.జి.రంగా స్వతంత్ర పార్టీ పెడితే రాజుల పార్టీ అని కొట్టిపారేశారు. రాజులు అందులో ఉన్న మాట నిజమే. కానీ తొలి అధ్యక్షుడు రంగా నిడుబ్రోలు రైతుబిడ్డ. ఆ ఏడాదే కాంగ్రెస్ నాగపూర్‌లో ఉమ్మడి సేద్యానికి తీర్మానం చేస్తే ఆయన తిరగబడింది రైతు కమతం కోసం. ఆ పార్టీ చెప్పిన ఉదారవాదం కలవాళ్ల సిద్ధాంతమన్న ముద్ర మాత్రం ఇప్పటికీ చెరగలేదు. ఆ ముద్ర ఎంత తప్పో తెలియాలంటే ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమికి డీకేటీ పట్టా ఉన్న ఇంటికి వెళ్లి అడగాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని వారసులకు ఇవ్వొచ్చు. బ్యాంకులో తాకట్టు పెట్టడానికీ మినహాయింపు ఉంది. అమ్మితే మాత్రం చెల్లదు. ఎందుకయ్యా అంటే, పేదవాడు తాగి తగలేస్తాడు, లేదా పెద్దోళ్లు లాక్కుంటారు అంటారు. ముఖ్యమంత్రిని ఎన్నుకునే తెలివి ఉన్న మనిషికి ఎకరం అమ్ముకునే తెలివి ఉండదన్నమాట! మాజీ సైనికుడికిచ్చిన అసైన్డ్ భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోనిచ్చారు. స్వాతంత్ర్య సమరయోధుడికీ అంతే. అనుమానమంతా కూలివాడి మీదే.

పోనీ, నిషేధం అమ్మకాలను ఆపిందా? ఆపలేదు. కూతురి పెళ్లో, ఆసుపత్రి ఖర్చో మీద పడ్డప్పుడు తెల్లకాగితం మీద వేలిముద్ర పడుతూనే ఉంది. రిజిస్ట్రేషన్ లేని భూమికి బ్యాంకు అప్పుతో కొనేవాడు రాడు, పక్క రైతు జంకుతాడు. మిగిలేది తహశీల్దారు ఆఫీసులో పలుకుబడి ఉన్నవాడు. రేటు చెప్పేది వాడే. పెద్దోళ్ల నుంచి కాపాడతామని తెచ్చిన చట్టం, వాళ్లకు పోటీ లేకుండా చేసిపెట్టింది.

ఇక ప్రభుత్వమే భూమి తీసుకున్నప్పుడు చూడాలి వినోదం. నీది పూర్తి హక్కు కాదు కదా అని పరిహారంలో కోత పెట్టేవారు. పట్టాదారుతో సమానంగా ఇవ్వాల్సిందేనని 2004లో, చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చిన కేసులో, హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. ఆ తర్వాత పన్నెండేళ్లకు అమరావతి భూ సమీకరణలో అసైన్డ్ రైతుకు పట్టా రైతు కన్నా తక్కువ ప్లాటు ఖరారు చేశారు. తీర్పు ఉండగానే!

బలవంతపు అమ్మకాల భయం అసలు లేదని నేననను. కరువులో అయినకాడికి అమ్ముకునేవాళ్లు ఉంటారు. దానికి మందు అప్పు దొరకడం, వైద్యం దొరకడం. నలుగురు కొనుగోలుదార్లు గడప తొక్కితే అడ్డికి పావుశేరు ధర ఎవడూ చెప్పలేడు.

2023లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, భూమి ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైనీలకు అమ్మకపు హక్కు ఇచ్చింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది. అక్రమాలు జరిగాయంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అక్రమం చేసినవాణ్ని పట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఒక సర్కారు చట్ట సవరణతో ఇచ్చిందాన్ని ఇంకో సర్కారు ఉత్తర్వుతో ఆపగలిగితే, కాగితం మీద పేరు రైతుదే అయినా భూమి ఇంకా రెవెన్యూ శాఖదే.