ఎవరి బీపీ, ఎవరి టెన్షన్?

"టెన్షన్ తీసుకోకు, ఉప్పు తగ్గించు." కడుపుతో ఉన్న మనిషికి బీపీ పెరిగిందని తెలిసిన రోజున ఆమెకు చెప్పి పంపే వైద్య జ్ఞానమంతా ఈ రెండు ముక్కలే. జహీరాబాద్‌లో చాలా ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. నా క్లాసులో ఏటా ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు డిగ్రీ పూర్తికాకుండానే పెళ్ళయి, నెలల కడుపుతో పరీక్షలకు వస్తారు. వాళ్ళ సంచుల్లో హాల్ టికెట్టుతో పాటు తల్లీబిడ్డల కార్డు కూడా ఉంటుంది. బీపీ గడిలో 140/90 అనో 150/100 అనో అంకెలు రాసి ఉంటాయి. "ఇదేమిటో చెప్పారా?" అని అడిగితే "టెన్షన్ తీస్కోవద్దన్నరు మేడం" అంటారు. అంతే. ఆ అంకెల అర్థం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ జబ్బు పేరూ చెప్పలేదు.

ఆ రెండు ముక్కలు వినడానికి ఎంతో ప్రేమగా ఉంటాయి. కానీ జాగ్రత్తగా వినండి. టెన్షన్ పడింది నువ్వు, ఉప్పు తిన్నది నువ్వు, కాబట్టి బీపీ తెచ్చుకున్నదీ నువ్వే! అసలు సంగతి వేరు. ప్రీఎక్లాంప్సియా మాయ దగ్గర మొదలవుతుంది. గర్భం నిలిచిన తొలి నెలల్లో, గర్భాశయంలోని రక్తనాళాలు మాయకు సరిపడా రక్తం ఇచ్చేంతగా వెడల్పు కావు. రక్తం చాలని మాయ కొన్ని ప్రోటీన్లను తల్లి ఒంట్లోకి వదులుతుంది. అవి ఆమె రక్తనాళాలను, కిడ్నీలను, లివర్‌ను, మెదడును దెబ్బతీస్తాయి. అలాంటి ఒక ప్రోటీన్‌ను బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం 2003లోనే గుర్తించింది. అత్త సాధింపుకీ, మొగుడి తాగుడికీ, తన 'సెన్సిటివ్' మనసుకీ బీపీని ముడిపెట్టి ఆడదాన్ని ఇంటికి పంపేయడం తేలిక. అత్త సాధింపులు లేవని నేననడం లేదు. వాటి సంగతి వేరే తేల్చుకుందాం. మాయ లోపానికి మాత్రం అవి సంజాయిషీ కావు.

ఇక ఉప్పు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఈ జబ్బును ఇంగ్లీషులో 'టాక్సీమియా' అన్నారు. అంటే రక్తంలో విషం. ఆ విషం ఏమిటో ఎవరికీ దొరకలేదుగానీ, విషం ఉన్నది ఆమె రక్తంలోనే అని మాత్రం ముందే తీర్మానమైపోయింది. విషం ఉన్నాక పథ్యం ఉండాలి కదా! ఉప్పు మాన్పించారు, తిండి తగ్గించారు, నీరు తీసే మందులు మింగించారు. 1958లో మార్గరెట్ రాబిన్సన్ అనే వైద్యురాలు లండన్‌లో గర్భిణులను రెండు వర్గాలు చేసి, ఒకరికి ఉప్పు తగ్గించమనీ ఇంకొకరికి పెంచమనీ చెప్పి చూసింది. ఉప్పు పెంచినవాళ్ళలోనే జబ్బు తక్కువగా కనిపించిందని 'లాన్సెట్'లో ప్రకటించింది. ఆ ప్రయోగంలో లోపాలు లేకపోలేదు. కానీ ఉప్పు మాన్పించమన్నవాళ్ళు ఆపాటి ప్రయోగమైనా చేశారా? ప్రీఎక్లాంప్సియాను ఆపడానికని ఉప్పు తగ్గించమని చెప్పవద్దని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా రాసింది. ముందునుంచే బీపీ ఉన్నవాళ్ళ సంగతి వేరు. మా ఊళ్ళో మాత్రం అందరికీ ఒకటే పాట, చప్పిడి కూడు తినమని.

మనవాళ్ళు ఈ జబ్బు ముదిరి వచ్చే ఫిట్స్‌కి 'గుర్రపువాతం' అని పేరు పెట్టారు. ఎక్లాంప్సియా అనే గ్రీకు మాట మెరుపుకు సంబంధించినది. మా వైపు ఆడవాళ్ళు "కండ్ల ముంగట మెరుపులొస్తున్నయ్" అంటారు. గ్రీకు రాకుండానే సరిగ్గా చెబుతారు. తలకాయ పగిలిపోతున్నదనీ, పక్కటెముకల కింద మండుతున్నదనీ, ముఖం ఉబ్బిందనీ కూడా చెబుతారు. వైద్య పుస్తకాల్లో ప్రమాద సూచనలుగా అచ్చైన జాబితా ఇదే. అయినా ఆడమనిషి నోటినుంచి వచ్చేసరికి అది లక్షణం కాకుండా సణుగుడైపోతుంది. జహీరాబాద్‌లో ఆ మాట తెలుగులోనే రావాలనీ లేదు. ఉర్దూలో రావచ్చు, కన్నడంలో రావచ్చు, తండా నుంచి లంబాడీలో రావచ్చు. వినేవాళ్ళు ఏ భాషలో వింటున్నారన్నది ఎవరికీ పట్టదు.

ఈ సణుగుడు ఖరీదు నాకు తెలుసు. 2009లో మా చెల్లెలికి ఎనిమిదో నెల. రెండు రోజులుగా తలనొప్పి, పొట్ట పైభాగంలో మంట. ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి తీసుకెళితే గ్యాస్ అన్నారు. గ్యాస్ బిళ్ళ ఇచ్చి, ఇంత భయమైతే ఎట్లా అని మందలించి పంపారు. ఆ పూట ఎవరూ బీపీ చూడలేదు. ఆ రాత్రి కారులో హైదరాబాద్ తీసుకుపోతుంటే సంగారెడ్డి దాటాక ఫిట్స్ వచ్చాయి. చెల్లెలు బతికింది. బిడ్డ బతకలేదు. "నేను చెప్పిన గదక్కా" అని చాలా రోజులు అదే మాట అనేది. ఆ మాట గ్యాస్ బిళ్ళ రాసిన మనిషికి వినబడే అవకాశం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫిట్స్‌కి మందు లేదా? ఉంది. మెగ్నీషియం సల్ఫేట్ అనే చవక ఉప్పు మందు. (ఉప్పు మాన్పించిన జబ్బుకి చివరికి ఉప్పే మందు కావడం చూస్తే నవ్వొస్తుంది.) అమెరికాలో దశాబ్దాలుగా వాడుతున్నారు. బ్రిటన్ డాక్టర్లు డయాజిపామ్‌నే నమ్మారు. మద్రాసులో కృష్ణ మీనన్ మూడు మందులు కలిపి మనిషిని మత్తులో ఉంచే పద్ధతిని 1961లో ప్రకటించాడు. ఆ రోజులకు అది మేలే. తర్వాత మన దేశంలో చాలాకాలం అదే నడిచింది. ఎవరి గురువు చెప్పింది వారికి వేదం. ఏది మంచిదో పక్కపక్కన పెట్టి పెద్ద ఎత్తున తేల్చిచూడటానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది. తొమ్మిది దేశాల్లో, మన దేశంతో సహా, 1,687 మంది స్త్రీలతో జరిగిన ఆ పరీక్షలో మెగ్నీషియం ఇచ్చినవాళ్ళకు మళ్ళీ ఫిట్స్ రావడం డయాజిపామ్‌తో పోలిస్తే 52 శాతం, ఫెనిటాయిన్‌తో పోలిస్తే 67 శాతం తగ్గింది. 2002లో 33 దేశాల్లో పదివేలమందికి పైగా స్త్రీలతో జరిగిన మాగ్‌పై ట్రయల్, అసలు ఫిట్స్ రాకముందే ఈ మందు ఇస్తే ఆ ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. ఈ రెండింటి వెనకా ఉన్న ముఖ్యుల్లో లీలియా డ్యూలీ అనే స్త్రీ ఉంది. పేటెంటు లేని, లాభం రాని మందు మీద ఏ కంపెనీ ఇంత శ్రమ పడుతుంది? ఇదే జబ్బు మగవాళ్ళకు వచ్చేదైతే ఏ మందు మంచిదో తేలడానికి ఇన్ని దశాబ్దాలు పట్టేదా అని నేనడిగితే మా స్టాఫ్ రూమ్‌లో మగ లెక్చరర్లు ముఖం చిట్లిస్తారు. చిట్లించనీ.

సరే, తేలింది. 2010లో కేంద్ర ప్రభుత్వం ఏఎన్ఎంలకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఫిట్స్ వచ్చిన మనిషిని పెద్దాస్పత్రికి పంపే ముందు ఏఎన్ఎమ్మే మొదటి డోసు వేయవచ్చు. రెండు పిరుదులకూ చెరి ఐదు గ్రాముల ఇంజెక్షన్. జహీరాబాద్ నుంచి సంగారెడ్డికి సుమారు యాభై కిలోమీటర్లు, హైదరాబాద్‌కు వంద దాటుతుంది. ప్రాణం పోయేది ఆ రోడ్డు మీద. కాబట్టి నేనడిగేది ఒక్కటే. మీ ఊరి సబ్‌సెంటర్ అల్మారాలో ఆ ఆంప్యూళ్ళు పది ఉన్నాయా? వాటి గడువు తేదీ దాటిపోలేదు కదా? "ఏమన్నా అయితే నీదే పూచీ" అని పైవాళ్ళు బెదిరించకుండా, ఆ సూది వేసే ధైర్యం ఏఎన్ఎమ్మకు ఎవరైనా ఇచ్చారా? సెమినార్లలో పత్రాలు చదివే మనం ఒకరోజు సబ్‌సెంటర్‌కి పోయి చూడటం పెద్ద పనేం కాదు.

ఆడవాళ్ళకు అవగాహన లేదు, ఆస్పత్రికి రారు అనే పాత మాట ఇక చెల్లదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. సగానికి పైగా కోసి తీస్తున్నారు కూడా. వచ్చినవాళ్ళ మాట వింటున్నారా అన్నది ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న.

మాకు దగ్గరగా, కర్ణాటకలోని బెళగావి, బాగల్‌కోట్ జిల్లాల్లో 'క్లిప్' అనే పెద్ద పరిశోధన జరిగింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ట్యాబ్ పట్టుకొని ఇంటింటికీ పోయి బీపీ చూడటం, ప్రమాదం లెక్కగట్టడం, మందు వేసి పంపడం. పాకిస్తాన్, మొజాంబిక్‌లలో కూడా చేశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చావులూ తీవ్ర జబ్బులూ తగ్గలేదు. కానీ ఎనిమిది సార్లు, అంతకన్నా ఎక్కువ కలిసిన స్త్రీలలో ఫలితాలు మెరుగ్గా కనిపించాయి. దీన్ని నేను చదివే తీరు ఇది: ట్యాబ్ ఎవరినీ కాపాడలేదు. మళ్ళీ మళ్ళీ వచ్చి, కూర్చుని, చెయ్యి పట్టుకొని బీపీ చూసిన మనిషి ఏమైనా కాపాడితే కాపాడింది. ఆ మనిషికి మనం జీతమనే మాట కూడా వాడం, పారితోషికం అంటాం. తెలంగాణ ఆశా కార్యకర్తలు 2015లో వంద రోజులకు పైగా సమ్మె చేశారు. అది వాళ్ళ వేతనాల గొడవగానే పత్రికల్లో వచ్చింది. గర్భిణుల బీపీ గొడవ కూడా అదేనని ఎవరూ రాయలేదు.

ఇంకో సంగతి, తిండి. కాల్షియం తక్కువ తినే స్త్రీలలో ఈ జబ్బు తీవ్రత ఎక్కువ. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఆరు దేశాల్లో 8,325 మంది స్త్రీలతో రోజుకు ఒకటిన్నర గ్రాముల కాల్షియాన్ని పరీక్షించి చూసింది. జబ్బు రావడం పెద్దగా తగ్గలేదు గానీ ఫిట్స్, తీవ్రమైన ఇబ్బందులు తగ్గాయి. 2024లో బెంగళూరులోనూ, టాంజానియాలోనూ పదకొండేసి వేల మంది గర్భిణులతో చేసిన పరీక్షల్లో అర గ్రాము కూడా ఒకటిన్నర గ్రాములకు తీసిపోదని తేలింది. మంచిదే. మన ప్రభుత్వం 2014 నుంచి గర్భిణులకు కాల్షియం బిళ్ళలు ఇమ్మంటోంది. ఇవ్వాలి కూడా. కానీ అసలు మన ఆడవాళ్ళ ఒంట్లో కాల్షియం ఎందుకు లేదు? ఈ ప్రశ్నను హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న ఎప్పటినుంచో అడుగుతున్నారు. పేదవాళ్ళకు ధాన్యం చాలు, పాలూ గుడ్లూ మాంసం అక్కర్లేదన్నట్టు పోషకాహార ప్రమాణాలు రాసిపెట్టిన వైనాన్ని ఆమె ఎండగట్టారు. పేద స్త్రీల ఎముకల మీద ఆమె బృందం 2005లో ప్రకటించిన పరిశోధనలో ఆ లేమి కళ్ళకు కట్టినట్టుంది.

మా జహీరాబాద్ ఈ కథలో ఊరికే లేదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న, కొర్ర, సామ, తైదలు పండే ఈ ఎర్రనేలల్లో పళ్ళేలు తెల్లబడ్డాయి. వంద గ్రాముల తైదల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. అదే ఏడాది పస్తాపూర్‌లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చేరిన దళిత స్త్రీలు బీళ్ళు దున్ని, విత్తనాలు దాచి, ఆ పంటలను నిలబెట్టారు. తైదంబలి తాగితే గుర్రపువాతం రాదని నేననడం లేదు. ఏ పరిశోధనా అలా చెప్పలేదు, చెప్పనిదాన్ని చెప్పినట్టు ప్రచారం చేస్తే మనకూ ఆ ఉప్పు డాక్టర్లకూ తేడా ఉండదు. నా ఆరోపణ వేరు. ఇన్నేళ్ళ పరిశోధన ప్రశ్నల్లో బిళ్ళ ఉంది, కంచం లేదు. ఎన్ని మిల్లీగ్రాములు మింగించాలని అడిగారు. ఆ కంచంలోంచి తైదలను ఎవరు తీసేశారని అడగలేదు.

కాన్పయ్యాక ఈ పరిశోధనా, ఈ వైద్యమూ ఆమెను ఎంత త్వరగా మరచిపోతాయో చూడండి. తల్లీబిడ్డల కార్డులో ఆ తర్వాతి పేజీలు దాదాపు అన్నీ బిడ్డ టీకాలు, బిడ్డ బరువు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు తర్వాతి కాలంలో బీపీ జబ్బు వచ్చే అవకాశం దాదాపు మూడున్నర రెట్లు పైన, గుండె జబ్బు రెండింతలు, పక్షవాతం కూడా రెండింతలకు దగ్గరగా ఉంటుందని 2007లోనే 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' అచ్చువేసింది. మా చెల్లెలి డిశ్చార్జి కాగితంలో ఆ హెచ్చరిక ఒక్క ముక్క లేదు. ముప్పై ఆరో ఏట కళ్ళు తిరిగి పడిపోయాక, బీపీ ఉందని ఇంకో డాక్టరు చెప్పాడు. చెల్లెలు తన ఎనిమిదో నెల కథ చెప్పబోతే "అది పాత సంగతమ్మా" అన్నాడు. తర్వాత మళ్ళీ అదే, టెన్షన్ తగ్గించుకోమన్నాడు!

ఈసారి ఏ పరిశోధక బృందమైనా మా వైపు వస్తే, సమ్మతి పత్రం మీద వేలిముద్ర అడిగే ముందు, ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలో పస్తాపూర్ సంఘం ఆడవాళ్ళనే అడగమనండి. జొన్న కోతల రోజుల్లో మాత్రం రావద్దు. వాళ్ళకు తీరిక ఉండదు.