ధర తగ్గించాల్సింది రైతు కాదు, కూపన్ ఇవ్వాల్సింది ప్రభుత్వం



ప్రకృతి వ్యవసాయం కూరగాయలు అమ్మే ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ పంట మంచిదేనండీ, మరి పేదవాళ్లు కొనగలరా?" మనలో చాలామంది మొహమాటానికి పోయి అక్కడే ధర తగ్గించేస్తాం. పేదింటి పళ్లెంలోకి మంచి కూర వెళ్లాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఖర్చు రైతు జేబులోంచి పోకూడదు అన్నది నా వాదన.

వీడియోలో అమెరికా రైతు మార్కెట్ల గురించి చెప్పాను కదా, ఆ డబ్బు లెక్క ఇక్కడ వివరంగా రాస్తున్నా. అక్కడ పేద కుటుంబాలకు 'స్నాప్' అనే పథకం ఉంది. మన రేషన్ లాంటిదే, కాకపోతే సరుకు ఇవ్వరు, తిండి కొనుక్కోవడానికి కార్డులో డబ్బు వేస్తారు. నెలకు సుమారు 4 కోట్ల మంది వాడుతున్నారు. 2009లో డెట్రాయిట్‌లో ఫెయిర్ ఫుడ్ నెట్‌వర్క్ అనే సంస్థ 'డబుల్ అప్ ఫుడ్ బక్స్' మొదలుపెట్టింది. రైతు మార్కెట్లో ఆ కార్డుతో 10 డాలర్లు ఖర్చు పెడితే, పండ్లూ కూరగాయలూ కొనడానికి ఇంకో 10 డాలర్లు ఇస్తారు. చాలాచోట్ల ఇది టోకెన్లతో నడుస్తుంది. రైతు టోకెన్ తీసుకుని మార్కెట్ నిర్వాహకులకు ఇస్తే పూర్తి డబ్బు వస్తుంది. కొనేవాళ్లకి సగం ధర, రైతుకి పూర్తి ధర!

మరి మిగతా సగం ఎవరిస్తున్నారు? మొదట్లో దాతల డబ్బు. 2014 వ్యవసాయ బిల్లులో కేంద్రం ఇలాంటి పథకాలకు ఐదేళ్లకు 10 కోట్ల డాలర్లు పెట్టింది. 2018 బిల్లులో అది 25 కోట్లయింది. అంటే సగటున ఏడాదికి 5 కోట్లు. స్నాప్‌కి ఏడాదికయ్యే మొత్తం ఖర్చుతో పోలిస్తే ఇది వంద రూపాయల్లో ఐదు పైసలు! పైగా కేంద్రం ఎంతిస్తే అంత రాష్ట్రాలో దాతలో కలపాలని షరతు.

ఇందులో కష్టమూ ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రం 2017లో ఇలాంటిదే పెట్టి, కుటుంబం సైజును బట్టి నెలకు 40, 60, 80 డాలర్ల దాకా తిరిగి ఇచ్చింది. జనం అనుకున్నదానికంటే ఎక్కువ వాడారు. 2018లో డబ్బు చాలక కొన్నాళ్లు ఆపేశారు. 2024 డిసెంబర్‌లో అందరికీ 20 డాలర్లకు కుదించారు. పథకాన్ని నమ్మి నారు పోసుకున్న రైతు ఏమైపోవాలి? పంట మధ్యలో బడ్జెట్ అయిపోయిందంటే కుదరదు కదా.

ఇప్పుడు మన సంగతి. రైతుబజార్లు 1999 నుంచి ఉన్నాయి. రేషన్ కార్డులున్నాయి, రేషన్ షాపుల్లో వేలిముద్ర మిషన్లున్నాయి. రేషన్‌లో బియ్యం వస్తాయి, ఆకుకూర రాదు. కాబట్టి ఒక్కో జిల్లాలో ఒక్క రైతుబజార్‌తో మొదలుపెట్టమని అడుగుదాం. కార్డున్న కుటుంబం ప్రకృతి వ్యవసాయం స్టాల్లో 100 రూపాయల కూరగాయలు కొంటే, ఇంకో 100కి కూపన్. సగం రాష్ట్ర బడ్జెట్ నుంచి, సగం కంపెనీల సీఎస్ఆర్ నుంచి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఆ పనుల జాబితాలో ఆకలి, పోషకాహార లోపం తగ్గించడం కూడా ఉంది.

మన వైపు నుంచి మూడు షరతులు:

1. మూడేళ్ల డబ్బు ముందే పక్కన పెట్టాలి.
2. కూపన్ డబ్బు వారంలోపు రైతు ఖాతాలో పడాలి. నెలలు తిప్పితే చిన్న రైతు మళ్లీ దళారి దగ్గరికే పోతాడు.
3. కూపన్ ఇస్తున్నామని చెప్పి రైతు ధరకు కోత పెట్టకూడదు.

ఎరువుల సబ్సిడీకి వేల కోట్లు ఇస్తున్న దేశంలో, ఎరువు వాడని పంట తినడానికి కొంచెం సాయం అడగడం తప్పేం కాదు. మీ మండలంలో రైతు సంఘం ఉంటే ఈ మాట తీర్మానంగా రాసి కలెక్టర్ గారికి ఇవ్వండి. ఏ రైతుబజార్ అయితే బాగుంటుందో కింద కామెంట్లో చెప్పండి.