కొత్త టైర్లు ముందుకా, వెనక్కా?

మే నెలలో నాన్న కారుకి రెండు కొత్త టైర్లు వేయించాం. నాలుగూ మార్చేంత డబ్బు అప్పుడు చేతిలో లేదు. ఆటోనగర్‌లో మాకు ఏళ్ళ తరబడి తెలిసిన షాపు. "కొత్తవి ముందుకేద్దాం బాబూ, స్టీరింగు ఉండేది అక్కడే కదా" అన్నాడు మెకానిక్ బాబాయ్. నాకూ సబబే అనిపించింది. ఇంజను తిప్పేది ముందు చక్రాలనే, తొందరగా అరిగేవీ అవే. నాన్న ఓ రౌండు కొట్టొచ్చి "బండి బ్రహ్మాండంగా ఉందిరా" అన్నారు.

జులైలో అవనిగడ్డ నుంచి కరకట్ట మీద వస్తుంటే, వానలో, తోట్లవల్లూరు దగ్గర ఓ వంపులో కారు వెనక భాగం పక్కకి జారి బొంగరంలా సగం తిరిగింది. కట్ట అంచున ఆగింది. ఇంటికొచ్చి కాఫీ తాగాక గానీ ఆ సంగతి చెప్పలేదు. ఎంత స్పీడులో ఉన్నారంటే "డెబ్భై ఉంటుందేమో" అన్నారు.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. (మా బ్యాచ్‌లో సగం మంది కథ ఇదే.) ఆ రాత్రి నిద్ర పట్టక లాప్‌టాప్ తెరిచాను.

కారు మొత్తం రోడ్డుని తాకేది నాలుగు అరచేతులంత మేరే. మనం స్టీరింగు తిప్పినప్పుడు చక్రం చూసే దిక్కుకీ అది నిజంగా వెళ్ళే దిక్కుకీ మధ్య చిన్న కోణం వస్తుంది. ఆ తేడాకి రబ్బరు మెలిపడుతుంది, ఆ మెలిక నుంచే కారుని వంపులోకి నెట్టే బలం పుడుతుంది. కోణం పెరిగేకొద్దీ బలమూ పెరుగుతుంది, కానీ కొన్ని డిగ్రీల దాకానే. ఆ తర్వాత జారుడే. ఈ గీతని లెక్కలో పట్టుకున్నది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హన్స్ పసేకా. వోల్వో ఇంజనీర్లతో కలిసి 1987లో పేపరు వేశారు. దాని పేరే మ్యాజిక్ ఫార్ములా! ఓ సైను, రెండు ఆర్క్‌టాన్‌లు. అవే ఎందుకంటే పెద్ద సిద్ధాంతమేం లేదు, కొలిచిన అంకెలకి అది చక్కగా అతుకుతుంది, అంతే.

80 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు తీసుకున్నాను. తడి రోడ్డు మీద ముందు టైర్ల పట్టు 0.6, అరిగిన వెనక టైర్లది 0.4 అనుకున్నాను. గంటకి 60 కి.మీ. వేగంలో ఏమీ కాలేదు. 70కి ఆ వంపు అడిగే పట్టు 0.48. తెర మీద కారు గిర్రున తిరిగింది. టైర్లు అటూ ఇటూ మార్చి చూశాను. ఈసారి ముందు భాగం వంపుకి బయటగా పోయింది గానీ తిరగలేదు, యాక్సిలరేటర్ వదిలితే దారికొచ్చింది. భయపడినవాడు ముందు చేసే పని కూడా అదే కదా.

మరి మేలో ఎందుకు తెలీలేదు? పొడి రోడ్డు మీద అరిగిన టైరు కొత్తదానికేం తీసిపోదు, రబ్బరు దిమ్మలు పొట్టివై ఇంకా బిగువుగా ఉంటుంది. రేసు కార్లకి పొడి ట్రాక్ మీద గాడులే ఉండవు. గాడులున్నది నీళ్ళు బయటికి తోయడానికి. ఎండలో ఎన్ని రౌండ్లు కొట్టినా ఆ లోటు బయటపడదు.

లాప్‌టాప్ పట్టుకుని షాపుకెళ్ళాను. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూశాడు. "ముందు టైరు పేలితే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నా లెక్కలో టైరు పేలడం లేదన్నాను. పక్కనున్న రీట్రేడ్ టైరు మీద బొటనవేలు నొక్కి "ఇదుందా?" అన్నాడు. అదీ లేదు బాబాయ్, 0.4 కూడా నేను వేసుకున్న అంకే. ఫార్ములాకి కొలతలు కావాలి, ఇక్కడ తిరిగే రీట్రేడ్లని నా కోసం కొలిచిందెవరు?

కాసేపు ఊరుకుని, జాకీ తెమ్మని కుర్రాణ్ణి కేకేశాడు. కొత్తవి వెనక్కి వెళ్ళాయి. డబ్బులు తీసుకోలేదు.

నాన్న మాత్రం కరకట్ట మీద యాభై దాటడం లేదు, ఎండలో కూడా.