చిలుక రెక్కకు కత్తెర: ఎవరి చేతికి?

బుక్కరాయసముద్రం నుండి ఒక సోదరి మాకొక ప్రశ్న పంపారు. వారి ఇంట్లో మూడు నెలలుగా ఒక చిలుక పెరుగుతున్నది. పిల్లలు దానికి మిట్టూ అని పేరు పెట్టుకున్నారు. ఈ మధ్య అది గదిలో ఒక మూల నుండి మరో మూలకు ఎగరసాగింది. రెక్కలు కత్తిరించనిదే తలుపు తెరవవద్దని అత్తగారు పట్టుబడుతున్నారు. వీధిలో పావురాలు పెంచే వ్యక్తి, కత్తెర ఇస్తే నిమిషంలో పని ముగిస్తానంటున్నాడు. అమ్మినవాని దగ్గరికే తీసుకువెళ్దామని మరిది అంటున్నాడు. పదిహేనేళ్ల కుమారుడు ఫోనులో వీడియో చూసి తానే చేయగలనంటున్నాడు. వీరిలో ఎవరికి అప్పగించాలన్నది సోదరి సందేహం.

ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కాని దీనిలో ఒక ప్రాణం ఉంది, ఒక చట్టం ఉంది, పిల్లలు మన నుండి నేర్చుకునే ఒక పాఠం కూడా ఉంది. కనుక సమాధానం చెప్పేముందు మేము ఒక ఎదురు ప్రశ్న వేయవలసి ఉన్నది. ఆ చిలుక ఏ జాతిది?

ఒళ్లంతా ఆకుపచ్చగా, ముక్కు ఎర్రగా, తోక పొడవుగా ఉండి, మగదైతే మెడ చుట్టూ నలుపు, గులాబీ వన్నె పట్టీ ఉంటే అది మన రామచిలుక. అది పెంపుడు జాతి కాదు, అడవి పక్షి. చెట్టు తొర్రలో గుడ్లు పెట్టి, పిల్లలను సాకి, గుంపుగా తిరిగే జీవి. సంతలో అమ్మకానికి వచ్చే ఎర్రముక్కు పిల్లలు సాధారణంగా తొర్ర నుండి దొంగిలించినవే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రామచిలుకను రక్షిత పక్షిగా పేర్కొన్నది. 2022లో చేసిన సవరణ తరువాత అది రెండవ షెడ్యూల్‌లో ఉన్నది. దానిని పట్టడం, అమ్మడం, కొనడం మాత్రమే కాదు, ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలుకకూ, తల పండు రంగులో ఉండే చిన్న చిలుకకూ ఇదే రక్షణ వర్తిస్తుంది. జోస్యం చెప్పేవాని పంజరంలో కనిపిస్తున్నది కదా అనుకోవద్దు. అక్కడ ఉన్నంత మాత్రాన అది చట్టసమ్మతం కాజాలదు.

కాబట్టి ఇంట్లో ఉన్నది రామచిలుకే అయితే, దాని రెక్క ఎవరు కత్తిరించాలన్న ప్రశ్నకు మా సమాధానం ఒక్కటే: ఎవరూ కత్తిరించరాదు. ఎలా చేయాలో ఈ వ్యాసం చివర చెబుతాము.

ఇక విదేశీ జాతుల విషయం వేరు. మన వీధుల్లో లవ్ బర్డ్స్ అనే పేరుతో అమ్మే చిన్న పక్షులు చాలావరకు ఆస్ట్రేలియా మూలానికి చెందిన బడ్జీలే. తలపై కుచ్చు ఉండే కాక్‌టీల్ కూడా అక్కడిదే. ఇవి తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరిగినవి. వీటిని పెంచుకోవడానికి అభ్యంతరం లేదు. ఆఫ్రికా బూడిదరంగు చిలుక, మకావ్ వంటివి ఉన్నవారు మాత్రం 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో వాటిని నమోదు చేయించాలి. ఇలాంటి పక్షి ఇంట్లో ఉన్నప్పుడే రెక్కల ప్రశ్న నిజంగా ఉదయిస్తుంది.

రెక్క కత్తిరించడం అంటే మాంసానికి కత్తెర పెట్టడం కాదు. రెక్క చివర వరుసగా ఉండే పది పెద్ద ఈకలలో కొన్నింటిని కొంత మేర తగ్గించడం. ఎదిగిన ఈక మన గోరు వంటిది, కోస్తే నొప్పి ఉండదు. కాని కొత్తగా వస్తున్న లేత ఈక అటువంటిది కాదు. దాని కాడలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది. కాడ నల్లగా, ఊదారంగుగా కనిపిస్తుంది. పొరపాటున దానిని కోస్తే రక్తం ధారగా కారుతుంది. ముప్ఫై, నలభై గ్రాముల బడ్జీ ఒంట్లో ఉండే మొత్తం రక్తం మూడు మిల్లీలీటర్ల చిల్లర, అంటే టీచెంచాలో సగానికి కాస్త ఎక్కువ. మనకు కొద్ది చుక్కలుగా కనిపించేది దానికి ప్రాణాపాయం.

పట్టుకునే తీరులో మరొక ప్రమాదం ఉన్నది. మనకున్నట్లు పక్షులకు ఊపిరి ఆడించే ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకు వెనుకకు కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. జారిపోతుందేమోనని పిడికిట్లో రొమ్ము బిగించి పట్టుకుంటే, ఈకలు కోయడం పూర్తయ్యేలోగా పక్షి ఊపిరాడక చనిపోవచ్చు. తెలిసినవారు మెత్తని తువ్వాలుతో చుట్టి, తలను మెడ దగ్గర వేళ్లతో నిలిపి, రొమ్మును వదులుగా ఉంచుతారు.

మూడవది కొలత. ఒక రెక్కనే కత్తిరిస్తే పక్షి తూకం తప్పి గిరగిర తిరుగుతూ పడుతుంది. రెండు రెక్కలూ సమానంగా ఉండాలి. మరీ పొట్టిగా కోస్తే రాయిలా నేల మీద పడి రొమ్ము ఎముక చిట్లుతుంది. బెదిరిన పక్షి తన ఈకలను తానే పీక్కోవడం కూడా మొదలుపెట్టవచ్చు. సరిగా కత్తిరించిన పక్షి పైకి ఎగరలేకపోయినా, మెల్లగా జారుతూ క్షేమంగా నేలకు దిగగలగాలి. ఎన్ని ఈకలు తగ్గించాలన్నది జాతిని, బరువును, వయసును బట్టి మారుతుంది. ఎగరడం ఇంకా నేర్వని పిల్లకు అసలు కత్తెర పెట్టరాదు. ముందు అది ఎగిరి, వాలడం నేర్చుకోవాలి.

ఇప్పుడు సోదరి ఇంట పేర్కొన్న నలుగురినీ చూద్దాము. అమ్మినవానికి చేతివాటం ఉండవచ్చు. కాని అతనికి కావలసింది పక్షి పారిపోకుండా ఉండడమే, ఆరోగ్యం కాదు. పావురాల పెంపకందారుకు అనుభవం ఉన్నది, అది పావురాలతో. ఒడుపు వేరు, ఒళ్లు వేరు, కొరికే ముక్కు వేరు. వీడియో చూసిన కుమారునికి ఉత్సాహం ఉన్నది. లేత ఈక ఏదో, ముదురు ఈక ఏదో తెర మీద చూసి పోల్చుకోవడం కష్టం. అత్తగారి భయం మాత్రం న్యాయమైనదే. తెరిచిన తలుపు, తిరిగే ఫ్యాను, పొయ్యి మీద మరిగే నూనె, మూతలేని నీళ్ల తొట్టి, ఇవన్నీ ఎగిరే పక్షికి మృత్యుద్వారాలు. కాని భయం న్యాయమైనంత మాత్రాన ఎవరి చేతి కత్తెర అయినా సరిపోతుందని కాదు.

వైద్యంలో నేర్పు ఉన్నట్లు తెలియని వ్యక్తి వైద్యానికి పూనుకుంటే జరిగిన నష్టానికి అతడే బాధ్యుడని దైవప్రవక్త (స) బోధించారు. అబూ దావూద్ గ్రంథంలో ఈ హదీసు ఉన్నది. మనుషుల విషయంలో చెప్పిన ఈ సూత్రమే ఇక్కడా దారి చూపుతుందని మేము భావిస్తున్నాము. పని తెలిసి ఉండడం, తప్పు జరిగితే సరిదిద్దగలగడం, దానికి జవాబుదారీగా నిలబడడం, ఈ మూడూ ఉన్నవాని చేతికే కత్తెర ఇవ్వాలి. ఆ మూడూ ఒకచోట దొరికేది పక్షులను చూసిన అనుభవం గల పశువైద్యుని వద్దనే.

అనుభవం గల అన్న మాటను మేము ఊరికే చేర్చలేదు. అనంతపురం మెట్ట గొర్రెలకు, పశువులకు పేరుపొందినది. ఇక్కడి పశువైద్యుల దినమంతా వాటితోనే గడుస్తుంది. అందరికీ చిలుకలతో పరిచయం ఉండకపోవచ్చు. కనుక అడగడానికి సంకోచించవద్దు. చిలుక జాతి పక్షులకు ఇంతకుముందు ఈకలు కత్తిరించారా? రెండు రెక్కలూ సమానంగా తగ్గిస్తారా? లేత ఈకలను ముందుగా చూస్తారా? రక్తం వస్తే ఏమి చేస్తారు? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. తనకు అనుభవం లేదంటే మరొకరి పేరు చెబుతాడు. అనంతపురంలో దొరకకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిని గాని, బెంగుళూరులోని పక్షి వైద్యులను గాని సంప్రదించవచ్చు. ఒకటి రెండుసార్లు వైద్యుడు చేయగా దగ్గరుండి చూసి, ఆయన ఎదుటే చేసి చూపిన తరువాత ఇంట్లో పెద్దవారొకరు ఆ పని చేపట్టవచ్చు. అప్పుడు కూడా ఒకరు పట్టుకోవాలి, మరొకరు కోయాలి. మొక్కజొన్న పిండి, శుభ్రమైన గుడ్డ పక్కనే ఉండాలి. రక్తం వస్తే పిండి అద్ది, గుడ్డతో మెల్లగా అదిమిపట్టి, వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

అయితే కత్తిరించడం తప్పనిసరి కాదని కూడా చెప్పాలి. కిటికీలకు దోమల జాలీ, పక్షిని బయట వదిలే గంటలో ఫ్యాను ఆపడం, తలుపుకు గడియ, వంటింట్లోకి రానీయకపోవడం, ఈ నాలుగూ పాటించే ఇంట్లో చాలాసార్లు కత్తెర అవసరమే రాదు. కత్తిరించాము కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఈకలు రాలి కొత్తవి వస్తాయి. కొన్ని నెలల్లో రెక్క మళ్లీ బలపడుతుంది. పైగా మన ప్రాంతంలో ఆషాఢమాసపు గాలి గాలిమరలను తిప్పేంత ఉద్ధృతమైనది. మిద్దె మీదికి తెచ్చిన బడ్జీని, రెక్కలు కత్తిరించినదైనా సరే, ఆ గాలి ఎత్తుకుపోగలదు.

ఇక రామచిలుక సంగతి. సోదరి వర్ణించిన ఎర్రముక్కు, పచ్చని ఒళ్లును బట్టి చూస్తే మిట్టూ రామచిలుకే. దాని రెక్కల జోలికి ఎవరినీ పోనివ్వవద్దు. మనసు కరిగి మిద్దె ఎక్కి వదిలివేయడం కూడా సరికాదు. మనిషి చేతి మేతకు అలవాటుపడిన పిల్లకు ఆహారం వెదుక్కోవడం, గద్ద నుండి తప్పించుకోవడం తెలియదు. ఇదివరకే ఎవరైనా ఈకలు కత్తిరించి ఉంటే పిల్లికి అప్పగించినట్లే అవుతుంది. అనంతపురంలోని అటవీ శాఖ కార్యాలయానికి స్వయంగా తెలియజేసి పక్షిని అప్పగించడమే మార్గం. ఈకలు తిరిగి వచ్చి, ఎగరగలిగిన తరువాత తన జాతి గుంపులో కలిసే అవకాశం దానికి అలాగే దొరుకుతుంది. అమ్మినవాని దగ్గర మరొకటి కొనకపోవడం కూడా ఈ పనిలో భాగమే. కొనేవారు ఉన్నంతకాలం తొర్రలు ఖాళీ అవుతూనే ఉంటాయి. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు పిట్ట పిల్లలను తీసుకురాగా తల్లిపిట్ట తల్లడిల్లడం చూసి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమని ప్రవక్త (స) ఆదేశించిన సంగతి పాఠకులకు తెలిసినదే.

పిల్లలు ఏడుస్తారని సోదరి సంశయించవచ్చు. ఏడుస్తారు. అబూ ఉమైర్ అనే బాలుడు తాను ఆడుకునే చిన్న పిట్ట చనిపోయి దిగులుగా ఉంటే, ప్రవక్త (స) ఆ పిట్టను గురించి అతనితో ముచ్చటించి ఊరడించారు. పిట్ట కోసం పడే దుఃఖాన్ని చిన్నతనమని కొట్టిపారేయలేదు. మీరూ అలాగే పిల్లలను కూర్చోబెట్టుకొని, మిట్టూకు ఒక తల్లి ఉండేదని, దానిని తొర్ర నుండి ఎవరో తెచ్చారని చెప్పండి. అటవీ కార్యాలయానికి వారినీ వెంట తీసుకువెళ్లండి. బుక్కరాయల కాలంలో పండమేరుకు అడ్డుకట్ట వేసి నిర్మించిన మీ ఊరి చెరువు ఉండనే ఉన్నది. ఒక సాయంత్రం వారిని ఆ కట్ట మీదికి తీసుకువెళ్లి, గూళ్లకు మళ్లే పచ్చని గుంపులు కనిపిస్తే చూపించండి. మిట్టూ చేరవలసిన చోటు ఏదో వారికి అర్థమవుతుంది.