కర్ట్ ఫ్లడ్ అడిగిన హక్కు

బేస్‌బాల్ క్రీడయందు సెంటర్ ఫీల్డరు కాపు కాయవలసిన నేల మిక్కిలి విశాలమైనది. బంతి బ్యాటును తాకిన చప్పుడు చెవిని పడిన క్షణముననే అది ఎచ్చట వ్రాలునో ఊహించి, వెన్ను త్రిప్పి గోడవైపు పరుగెత్తి, తల యెత్తి చూచి చేయి చాపవలెను. తొలి యడుగు తప్పినచో పిమ్మట ఎంతటి వేగము కలవాడైనను చేయగలిగినది స్వల్పము. సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టున 1958 మొదలు 1969 వరకు పండ్రెండేండ్లు ఆడిన కర్ట్ ఫ్లడ్, భారీ దేహము లేని బక్కపలుచని మనిషి, ఈ విద్యలో ఆరితేరినవాడు. 1963 నుండి వరుసగా ఏడు సంవత్సరములు ఉత్తమ ఫీల్డర్లకిచ్చు గోల్డ్ గ్లవ్ పురస్కారము నందుకొనెను. 1966లో ఏడాది పొడవునను అతని పేర ఒక్క పొరపాటును నమోదు కాలేదు. 1964లోను 1967లోను వరల్డ్ సిరీస్ గెలిచిన జట్లలో అతడుండెను. బ్యాటు పట్టినను తక్కువవాడు కాడు. అతని జీవితకాలపు సగటు .293.

అట్టివాడు 1968 వరల్డ్ సిరీస్ కడపటి యాటలో, ఏడవ ఇన్నింగ్స్‌న, డెట్రాయిట్ ఆటగాడు జిమ్ నార్త్‌రప్ కొట్టిన బంతిని తప్పుగా అంచనా వేసి ముందుకడుగు వేసెను, వెనుదిరుగబోయి జారెను, బంతి తల మీదుగా పోయెను. ఆ దెబ్బతో రెండు పరుగులు వచ్చి, విజయము డెట్రాయిట్‌కు దక్కెను. ఆ ఒక్క యడుగునే తలచుకొనువారు నేటికిని కలరు గాని, తక్కిన వేలాది యడుగులను లెక్కింపక దానినొక్కదానినే లెక్కించుట న్యాయము కాదు.

1969 అక్టోబరున యాజమాన్యము అతనిని, మరి ముగ్గురితో కలిపి, ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టునకు మార్చివేసెను. అతని యిష్టానిష్టములను విచారించినవారు లేరు. విచారింపవలసిన అగత్యమును వారికి లేకుండెను. ఏలయన, ఒకమారు వ్రాలు చేసిన ఆటగాడు, ఒడంబడిక గడువు తీరిన పిమ్మటను, ఆ జట్టువారు వదలిననో అమ్మిననో తప్ప వేరొకచోట ఆడరాదని శాసించు రిజర్వ్ నిబంధన పందొమ్మిదవ శతాబ్దినుండియు అమలునందుండెను. ఆ యేడు డిసెంబరు 24న ఫ్లడ్ బేస్‌బాల్ కమిషనరైన బౌయీ క్యూన్‌కు లేఖ వ్రాసి, తాను కొనుగోలు అమ్మకములకు లోబడిన సొత్తు కాడనియు, ఇతర జట్లవారి మాటలను సైతము ఆలకించి నిర్ణయించుకొను హక్కు తనకు కలదనియు తెలిపెను. క్యూన్ అంగీకరింపకపోగా, 1970 జనవరిలో న్యాయస్థానము నాశ్రయించెను.

ఏటికి 90,000 డాలర్లు గడించువానికి దాస్యమేమి యని నాడు పలువురు వెక్కిరించిరి. ఎంత వేతనమిచ్చినను దాసుడు దాసుడే యని అతడు బదులిచ్చెను. ఈ మాట ఎచ్చటినుండి వచ్చెనో తెలియవలెనన్న, అతడు ఇరువది యేండ్లైనను నిండని ప్రాయమున దక్షిణ రాష్ట్రముల చిన్న లీగులలో ఆడిన దినములకు పోవలెను. ఒకనాడు రెండాటల నడుమ, చెమటకు తడిసిన దుస్తులను అందరితోపాటు కుప్పలో వేయగా, గది చూచుకొను ఉద్యోగి మేకు దిగగొట్టిన పొడవాటి కర్రతో నల్లవాడైన ఫ్లడ్ దుస్తులను మాత్రము వేరుచేసి, నల్లవారి చాకలిశాలకు పంపెను. తెల్లవారు రెండవ యాటకు మైదానమున నిలిచియుండగా, ఆ కుర్రవాడు తన బట్టలు తిరిగి వచ్చువరకు నగ్నముగా గదిలో కూర్చుండెను. ఫ్లడ్ స్వయముగా చెప్పిన ఈ వృత్తాంతమును విన్న పిమ్మట, జీతపు అంకె చూపి అతని నోరు మూయించువారితో నేను ఏకీభవింపజాలను.

న్యూయార్కులో విచారణ జరిగినప్పుడు మునుపటి ఆటగాడైన జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యమిచ్చెను. నాడు ఆడుచుండిన ఆటగాండ్రలో ఒక్కడైనను వచ్చి ఆ గదిలో కూర్చుండలేదు. ఎవరి మేలుకొరకు అతడు నిలిచెనో వారే యజమానులకు వెరచి యెడమైరి! ఇది నన్ను మిక్కిలి బాధించును. 1972లో సుప్రీంకోర్టు 5-3 ఆధిక్యముతో అతని వాదమును త్రోసిపుచ్చెను. బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టమునుండి 1922లో లభించిన మినహాయింపు అసంగతమే యని ఒప్పుకొనుచునే, దానిని సవరించు భారమును న్యాయమూర్తులు కాంగ్రెసుపై వేసిరి.

అయినను కట్టు సడలెను. మేజర్ లీగులలో పదేండ్లు ఆడి, కడపటి అయిదేండ్లు ఒకే జట్టున గడపినవానిని అతని సమ్మతి లేక మార్చరాదని 1973 ఒప్పందమున వ్రాసికొనిరి. 1975లో మధ్యవర్తి పీటర్ సైట్స్, మెసర్‌స్మిత్, మెక్‌నాలీ యను ఇరువురు ఆటగాండ్రకు అనుకూలముగా తీర్పు చెప్పి రిజర్వ్ నిబంధన వెన్ను విరిచెను. ఫ్లడ్‌కు దక్కినదేమి? 1970లో ఒక్క యాటయు ఆడలేదు. 1971లో వాషింగ్టన్ సెనెటర్స్ పక్షమున 13 ఆటలాడి, మునుపటి చురుకు తనయందు లేదని గ్రహించి తప్పుకొనెను. కొంతకాలము స్పెయిన్ దేశపు మజోర్కా ద్వీపమున గడపెను. 1997లో, తన 59వ యేట, గొంతు క్యాన్సరుతో మరణించెను. మరుసటి యేడు ఆ మినహాయింపును సవరించుచు కాంగ్రెసు చేసిన చట్టమునకు అతని పేరు పెట్టిరి.

కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాత్రము అతనికి నేటికిని చోటు లేదు. అతడు సాధించిన 1,861 హిట్లు చాలవని కొందరి వాదము. ముప్పదిమూడేండ్లకే ఆట ముగియుటకు హేతువు ఆ వ్యాజ్యమే కదా! ఎన్నిక సంఘమువారు అతని పట్టికను మరల చేతికి తీసికొని, 1970వ యేటి ఖాళీ గడిని సైతము అతని ఆటలోని భాగముగానే చదువవలెనని నేను కోరుచున్నాను.